అన్‌లిమిటెడ్ అన్నప్పుడు ఆమె పలకలేదు

సిగ్నల్ కనబడగానే రైలింజన్‌లో లోకో పైలట్ దాని రంగు పైకి చెప్పాలి, పక్కనున్న అసిస్టెంటు తిరిగి చెప్పాలి. ఒకరు 'గ్రీన్' అంటే రెండోవారూ 'గ్రీన్' అనాలి. జవాబు రాకపోతే నా చెయ్యి బ్రేకు మీదికి పోతుంది. ముప్పై ఏళ్లుగా అలాగే నడుపుతున్నాను. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. నేను గేటు వేశానంటే మా ఆవిడ వంటింట్లోంచి 'వేశారు' అంటుంది. మా క్వార్టర్‌కు వచ్చినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

రిటైరైతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. అప్పటికి ఈ ఊళ్లోనే దయాల్‌బంద్‌లో రెండు గదుల ఇల్లు కొనాలని డబ్బు దాచాం. అందులో సగం తీసి ఫోనులో డీఫై మొదలుపెట్టాను. బ్యాంకు లేకుండా జరిగే వడ్డీ వ్యాపారమది. మన డిజిటల్ డాలర్లు ఒక ప్రోగ్రాముకు అప్పగిస్తే, అది అప్పులిచ్చి వడ్డీ తెచ్చి మనకు వేస్తుంది. సంతకం కలవలేదని వెనక్కి పంపే గుమాస్తా లేడు. అదే నాకు నచ్చింది. పొరపాటు జరిగితే మొరపెట్టుకోడానికీ ఎవరూ లేరు. తెలిసే దిగాను. ఆరు నెలలు వడ్డీ చక్కగా వచ్చింది, నాకు కాస్త గీర ఎక్కిన మాట నిజమే.

ఒకరోజు ఎక్కువ వడ్డీ ఇస్తామన్న కొత్త సైటు కనిపించింది. పాత చోటి నుంచి డాలర్లను ఫోనులోని వాలెట్‌లోకి, అంటే డిజిటల్ పర్సులోకి, తీసుకుని అందులో చిన్న మొత్తం వేసి చూద్దామనుకున్నాను. ఆ రోజు డ్యూటీ లేదు. భోంచేసి కూర్చుని, తెర మీది మాటలు అలవాటుగా పైకి చదివాను.

"వాలెట్ కనెక్ట్."

"కనెక్ట్," అంది వంటింట్లోంచి.

"పర్మిషన్, అన్‌లిమిటెడ్."

జవాబు లేదు. నా బొటనవేలు బటన్ దగ్గరే ఆగిపోయింది. ఒళ్లు మండింది.

"ఏటి, ఇనబడనేదా?"

"ఇనబడింది. అర్థం కానేదు, అందుకే పలకనేదు. అన్‌లిమిటెడ్ అంటే ఏటండీ? మొత్తం తీసీసుకోమనా?"

"అదేటీ కాదు. అందరూ నొక్కుతారు."

"అచ్ఛా. అందరూ నొక్కితే మనవూ నొక్కాలేటి? ఎంత వేత్తన్నారో అంతకే ఒప్పుకోండి. ఆ ఇల్లు నాక్కూడా కావాలి గదా."

మళ్లీ చదివాను. ఆమె అన్నదే నిజం. ఆ అనుమతి ఇస్తే వాలెట్‌లోని డాలర్లన్నీ వాళ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు లాక్కోవచ్చు. అంకె మార్చి, వేసినంతకే ఒప్పుకున్నాను. పది రోజులకు ఆ సైటు మాయమైంది. అన్‌లిమిటెడ్‌కు ఒప్పుకున్నవాళ్ల వాలెట్లు ఊడ్చుకుపోయాయి. నాది ఆ చిన్న మొత్తమే పోయింది, ఇంటి డబ్బు మిగిలింది. సిగ్గేసింది. ఆ మాట ఆమెతోనే చెప్పాను.

డీఫై మానలేదు. చదివి నొక్కేవాడికి అది మంచి బండేనని ఇప్పటికీ నా నమ్మకం. మొన్న ఆమె పొద్దున్నే బస్సులో దగ్గర్లోని రతన్‌పూర్ గుడికి వెళ్లింది. పాత చోటే ఇంకొంచెం వేద్దామని ఫోను తెరిచి, "పర్మిషన్, వంద డాలర్లు," అన్నాను పైకి. వంటింట్లోంచి ఏమీ వినబడలేదు. ఫోను మూసేసి, సాయంత్రం ఆమె బస్సు వచ్చే వేళకు స్టాండుకు వెళ్లాను.