అత్తమ్మ స్తోత్రం చెప్పిన సాయంత్రాలు

మొన్న వాన పడుతున్న సాయంత్రం నాచారంలో ఉండే స్నేహితురాలి ఇంటికి వెళ్లి, తిరిగి బోడుప్పల్ రావడానికి ఆటో ఎక్కాను. పారిశ్రామికవాడ మలుపు దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. తడిగాలిలో రొట్టెలు కాలుతున్న వాసన ఆటోలోకి వచ్చింది. పక్కన కూర్చున్న నా కూతురు షారోన్ "అబ్బ, ఎంత మంచి వాసన మమ్మీ!" అంది. మంచి వాసనే. కానీ నా మెడ వెనుక వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఒకప్పుడు మా ఇల్లు ఆ రొట్టెల ఫ్యాక్టరీ వెనుక సందులోనే ఉండేది. రోజూ ఆ వాసన వచ్చే వేళకు మా అత్తమ్మ మోకాళ్ల మీద కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుని, దేవుడికి స్తోత్రాలు చెప్పడం మొదలుపెట్టేది. ఆమె నోటి వెంట ఎవరి పేరు వస్తుందోనని ఊపిరి బిగబట్టి కూర్చున్న సాయంత్రాలు నా ఒంట్లోనుంచి ఇంకా పోలేదు.

ఆమె పేరు ఎస్తేరమ్మ. పొట్టి మనిషి, బక్క ప్రాణం, నవ్వితే కళ్లు కనిపించేవి కావు. మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసి మానేసిందట. నేను కోడలిగా వచ్చేనాటికి రేకుల ఇల్లు, వాకిట్లో ఒక జామచెట్టు, మామయ్య ఏసుదాసు, కొడుకు సుధీర్, ఇవే ఆమె లోకం. సుధీర్, నేను ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడి పెళ్లి చేసుకున్నాం. సూర్యాపేట దగ్గర పల్లెలో ఉన్న మా వాళ్లు చాలాకాలం నాతో మాట్లాడలేదు. చర్చి సంగతులు నాకేమీ తెలియవు. అయినా అత్తమ్మ నన్ను ఒక్కరోజు కూడా పరాయిదానిలా చూడలేదు. "నీకు రాకుంటే రాకపాయె. నా పక్కన కూసో సాలు" అనేది.

నేను పక్కనే కూర్చునేదాన్ని. కానీ నాకు భయమేసేది. నన్ను పెంచింది మా నాయనమ్మ. మంచిని నోటితో అనకూడదని ఆమె పట్టుదల. గేదె బాగా పాలిస్తుంటే ఎవరడిగినా "ఏదో, గంతల గంతే" అనేది. పిల్ల ముద్దుగా ఉందని ఎవరైనా అంటే గబగబా ఉప్పు దిగదుడిచేది. అలాంటి ఇంట్లోంచి వచ్చిన నాకు, ఉన్న మంచినంతా ఒక్కొక్కటిగా ఎంచి, పైకి, గొంతెత్తి చెప్పే మనిషిని చూస్తే గుండె దడదడలాడేది. కడుపు నిండినందుకు స్తోత్రం, రేకులు కురవనందుకు స్తోత్రం, కోడలి నవ్వుకు స్తోత్రం. ఇన్నిసార్లు అనకమ్మా, ఎవరో వింటారు అని లోపల్లోపల అనుకునేదాన్ని. వినేది దేవుడొక్కడే అని ఆమె ధీమా.

మొదట జామచెట్టు. ఒకరోజు ప్రార్థనలో అత్తమ్మ గొంతు ఎందుకో మారింది. మామూలుగా గలగలా సాగిపోయేది కాస్తా నెమ్మదించి, "దేవా, మా వాకిట్ల జామచెట్టుకు స్తోత్రం. గిన్నేండ్లు నీడనిచ్చింది, పండ్లిచ్చింది. నీకు స్తోత్రం" అంది. చెట్టుకేమిటి ప్రార్థన అని సుధీర్ నవ్వాడు. ఆ వారంలోనే, ఆకు కూడా కదలని ఒక మధ్యాహ్నం, జామచెట్టు మొదలు విరిగి వాకిట్లో పడిపోయింది. లోపలంతా పురుగు తిన్నదట. పైకి మాత్రం పచ్చగా ఉండింది. అత్తమ్మ చీపురు తెచ్చి ఆకులు ఊడ్చుకుంటూ పోయింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేకపోవడం నేను చూశాను.

తర్వాత మామయ్య. ఆయన బీరువాలు తయారుచేసే షెడ్డులో పనిచేసేవాడు. గట్టి మనిషి, ఎప్పుడూ ఏదో ఒక హాస్యం ఆడేవాడు. ఒక సాయంత్రం అత్తమ్మ మళ్లీ ఆ నెమ్మది గొంతుతో, "మా ఇంటాయన కుడిచేతికి స్తోత్రం దేవా. ఆ చేత్తోనే మాకు బువ్వ పెట్టినవ్" అంది. మామయ్య కళ్లు మూసుకునే, "ఎడమ చెయ్యి ఏం పాపం జేసిందే?" అన్నాడు. అందరం నవ్వాం. అత్తమ్మ నవ్వలేదు. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ మామయ్య గడప మీద కూలబడ్డాడు. పక్షవాతం. ప్రాణం నిలిచింది, మాట నిలిచింది. కుడిచెయ్యి మాత్రం మళ్లీ లేవలేదు. అప్పటినుంచి అత్తమ్మే ఆయనకు ముద్దలు కలిపి పెట్టేది.

ఆ తర్వాత నాకు ఇంట్లో సాయంత్రమంటే వణుకు. రొట్టెల వాసన రాగానే ఏదో ఒక వంకతో వంటింట్లోకి పోయేదాన్ని. అక్కడ కూడా గోడకు చెవి ఆనించి వినేదాన్ని. గొంతు గలగలా సాగితే ఫరవాలేదు. నెమ్మదించిందంటే పొయ్యి ఆపేసి గుమ్మం దాకా వచ్చేదాన్ని. సుధీర్‌తో చెబితే, "పిచ్చా నీకు? మా అమ్మ దేవునికి థాంక్స్ చెప్పుడు గూడ తప్పేనా?" అన్నాడు. తప్పని నేననలేదు. ఆ నెమ్మది గొంతుతో ఆమె దేన్ని పేరుపెట్టి పిలుస్తుందో అది వెళ్లిపోతోంది. అంతే నేను చూసింది.

అలాంటి రోజుల్లోనే నాకు నెల తప్పింది. అందరికంటే ముందు అత్తమ్మకే చెప్పాను. ఆమె సంతోషంతో నా ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. నేను ఆ చేతులు పట్టుకుని ఏడ్చేశాను.

"అత్తమ్మా, మీ కాళ్లు మొక్కుతా. నా బిడ్డ సంగతి మాత్రం ప్రార్థనల తీయకుర్రి. స్తోత్రం చెప్పకుర్రి."

ఆమె చేతులు చల్లబడ్డాయి. ఎందుకని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. నా కళ్లు తుడిచి, "సరే బిడ్డా. నువ్వు చెప్పుమన్నదాక చెప్ప" అంది. అలా అన్నది మొదలు, ప్రతి సాయంత్రం అన్నిటికీ స్తోత్రం చెప్పి, నా దగ్గరికి వచ్చేసరికి ఒక క్షణం ఆగి, నా కడుపు దాటి ముందుకు సాగిపోయేది. ఇంటికి మొదటి మనవడో మనవరాలో వస్తుంటే, ఆ ఒక్క ఆనందాన్నీ దేవుడికి చెప్పుకోలేక ఆమె ఎంత నలిగిపోయిందో! ఆ ఆగిన క్షణంలో ఆమె గుటక మింగడం నాకు వినిపించేది.

ఎనిమిదో నెలలో ఒకరోజు పొద్దున వాకిట్లో కుర్చీ వేసుకుని తల దువ్వుకుంటున్నాను. ఎదురుగా అత్తమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. ఏదో చెబుతూ తలెత్తి నావైపు చూసింది. మాట మధ్యలోనే ఆగిపోయింది. చాట కదలడం ఆగిపోయింది. నన్ను కాదు, నా కడుపును చూస్తోంది. అలా ఎవరూ ఎవరినీ చూడగా నేను చూడలేదు. రెప్ప వేయకుండా, ఏదో వెలుగు చూస్తున్నట్టు. "దేవా..." అని పెదవి కదిలింది. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాట చేజారి బియ్యమంతా నేలపాలైంది. గింజ మీద కాలుపెట్టడం మహాపాపమనే మనిషి, ఆ బియ్యం తొక్కుకుంటూ సందులోకి పరిగెత్తింది.

"ఆటో! ఓ ఆటో అన్నా, జర ఆగు!"

"ఏడికత్తమ్మా?"

"దవాఖానకు."

"నాకేం నొప్పి లేదు గదా?"

"లేకుంటే లేకపోనీ. నువ్వెక్కు."

హబ్సిగూడ దారిలో ఉన్న దవాఖానా దాకా ఆమె నా చెయ్యి వదల్లేదు, నోరూ తెరవలేదు. డాక్టరమ్మ నన్ను చూసి, "ఏమైందమ్మా?" అని అడిగింది. ఏం కాలేదు, మా అత్తమ్మే తీసుకొచ్చింది అన్నాను. డాక్టరమ్మ నవ్వుతూనే కడుపు మీద మిషన్ పెట్టి చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా ఆ నవ్వు పోయింది. బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గిపోతోందట. పేగు మెడకు చుట్టుకుందట. తర్వాత అంతా పరుగులే. మధ్యాహ్నానికి షారోన్ పుట్టింది. వెంటనే ఏడవలేదు. కాసేపటికి ఏడ్చింది. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరమ్మ సుధీర్‌తో చెప్పిందట.

మరునాడు వార్డులో అత్తమ్మ నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. అడగకుండా ఉండలేకపోయాను.

"మీకెట్ల తెలిసింది?"

ఆమె స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకుంది. "నేను స్తోత్రం జెప్పినందుకే అన్నీ పోతున్నయనుకున్నవు గదా బిడ్డా?"

నేను తల దించుకున్నాను.

"నేను గూడ శానా దినాలు గట్లనే అనుకున్న. గని గట్ల గాదు. పోయేది నాకు ముందుగాల తెలుస్తది. ఎట్లంటే... ఉన్నట్టుండి అది మస్తు అందంగ కనవడ్తది. ఎన్నడు సూడనంత అందంగ. సుట్టుపక్కల సప్పుడంత ఆగిపోతది. మా చెల్లె పోయేముందు గూడ గట్లనే కనవడ్డది. అప్పుడు నాకు సమజ్ గాలె. అది గంత అందంగ ఉన్నదని కుళ్లుకొని దానితోని కొట్లాడిన. పొద్దున లేస్తే అది లేదు. అప్పటి సంది, కనవడ్డప్పుడల్ల స్తోత్రం చెప్తున్న. దేవుడిచ్చింది పోతుంటే ఒక్క మాటన్న చెప్పకుంట ఎట్ల పంపుతం?"

"మరి నిన్న?"

"నిన్న నీ కడుపు అట్ల కనవడ్డది. స్తోత్రం నోటిదాక వచ్చింది. నువ్వేమో చెప్పొద్దంటివి. చెప్పరాకపాయె, ఊకె కూసోరాకపాయె. లేచి ఉరికిన." ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది. "గిన్నేండ్లు మోకాళ్ల మీదనే కూసున్న బిడ్డా. లేస్తె గూడ అయితదని నాకు ఎవరు చెప్పలే. మీ మామకు చెయ్యి పోతున్నప్పుడు గూడ నేను లేవలే."

ఏడుస్తున్న ఆమె తలను నా మంచం మీదికి లాక్కున్నాను. నిన్నటిదాకా ఏ నోటికి భయపడ్డానో ఆ నోరు నా చేతి మీద ఆనుకుని వెక్కిళ్లు పెడుతోంది.

షారోన్‌ను ఇంటికి తెచ్చిన సాయంత్రం అందరం చాప మీద కూర్చున్నాం. మామయ్య ఎడమచెయ్యి పాప తల మీద పెట్టాడు. అత్తమ్మ నావైపు తిరిగి, "స్తోత్రం చెప్పనా బిడ్డా?" అని అడిగింది. "మీకు... అందంగా కనిపిస్తోందా?" అన్నాను. ఆమె పాపను పట్టి పట్టి చూసింది.

"లేదు బిడ్డా. ఎర్రగ, ముడతలు ముడతలు, కోతిపిల్ల లెక్కనే ఉన్నది."

అంతకంటే తియ్యని మాట నేను నా జీవితంలో వినలేదు. చెప్పండత్తమ్మా అన్నాను. నెలల తరబడి మింగిన స్తోత్రాలన్నీ ఆమె ఆ పూట కుమ్మరించింది. వేళ్లకు, గోళ్లకు, ఏడుపుకు, అన్నిటికీ. గొంతు గలగలా పారుతూనే ఉంది.

ఆ తర్వాత కొన్నేళ్లకు మామయ్య పోయాడు. ఆయన పోవడానికి ముందు ఒక సాయంత్రం అత్తమ్మ ప్రార్థనంతా ఆయన గురించే చెప్పింది. దవాఖానాకు తీసుకువెళ్లాం, చూపించాం, అయినా ఆగలేదు. ఆ సాయంత్రం మామయ్య హాస్యమాడలేదు. "ఆమెన్" అని అందరికంటే గట్టిగా అన్నాడు.

అత్తమ్మ సంగతి ఒక ఆదివారం తెలిసింది. చర్చికి పోవడానికి తెల్లచీర కట్టుకుని అద్దం ముందు నిలబడి, "ఇయ్యాల అద్దంల నా మొకం ఎంత మంచిగున్నదో సూడుర్రి!" అంది. సుధీర్ నవ్వాడు. షారోన్ చప్పట్లు కొట్టింది. నేను పరుగున పోయి ఆటో పిలిచాను. "నీ తృప్తి కోసం వస్త పా" అని ఆమె మారుమాట లేకుండా ఎక్కింది. పరీక్షలన్నీ చేశారు. గుండె, రక్తం, అన్నీ బాగున్నాయని ఇంటికి పంపేశారు. దారి పొడుగునా షారోన్‌కు రోడ్డు మీది బోర్డులు చదివి వినిపించింది.

ఆ సాయంత్రం ఆమె మోకాళ్ల మీద కూర్చోబోతుంటే నేను ఆపాను. "ఇయ్యాల నేను చెప్తా అత్తమ్మా" అన్నాను. నాకు ప్రార్థన రాదు. మా నాయనమ్మ ఎక్కడో నిలబడి వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నట్టే ఉంది. అయినా కళ్లు మూసుకుని పైకే చెప్పాను. దేవా, మా వాళ్లు నన్ను వద్దన్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకున్న ఈమెకు స్తోత్రం. నా జడ వేసిన చేతులకు స్తోత్రం. బియ్యం తొక్కుకుంటూ ఉరికిన ఆ కాళ్లకు స్తోత్రం. చెప్పడం ఆపితే ఏమవుతుందో అన్నట్టు చెబుతూనే పోయాను. అత్తమ్మ కళ్లు మూసుకుని, పెళ్లిలో పొగడ్తలు వింటున్న పిల్లలా సిగ్గుపడుతూ, మధ్యలో "ఇంకేమన్న ఉన్నదా?" అంది.

ఆ వారం తిరగకముందే, ఒక ఉదయం వాకిట్లో గోడకు ఆనుకుని ఎండ కాగుతూ, నిద్రపోతున్నట్టే వెళ్లిపోయింది.

ఆమె చూపు నాకు రాలేదు. ఏదీ నాకు వెలుగుతూ కనిపించలేదు, ఏ చప్పుడూ నా చుట్టూ ఆగిపోలేదు. ఏది ఉంటుందో, ఏది వెళ్లడానికి సిద్ధమైందో నాకు తెలిసే మార్గమే లేదు. అందుకే రోజూ అందరి పేర్లూ చెబుతాను. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే ముందు లేచి, ఆ తర్వాతే మోకాళ్ల మీద కూర్చుంటాను. "రోజూ అవే ఎందుకు మమ్మీ?" అని షారోన్ విసుక్కుంటుంది. ఆమెన్ అన్నాక కళ్లు తెరవడానికి నేను ఇప్పటికీ ఒక క్షణం వెనకాడతాను. తెరిచి చూస్తే ఎదురుగా చాప మీద సుధీర్ ఆవులిస్తూ, షారోన్ కాలి వేళ్లు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. అప్పుడు, ఎవరికీ వినబడకుండా, ఇంకొక్కసారి స్తోత్రం అంటాను.