మాగబెట్టిన పుస్తకం

కృష్ణగిరి నుంచి హోసూరు వచ్చే హైవే మీద, గురుబరపల్లి దగ్గర ఒక హోటల్లో, చేతులు కడుక్కునే చోట గోడకు నాలుగు బొమ్మలు వేలాడుతున్నాయి. నల్లసిరా బొమ్మలు, బంగారు రంగు ఫ్రేములు. కిందటేడు టిఫిన్‌కు ఆగినవాణ్ణి తడిచేతులతోనే వాటి ముందు నిలబడిపోయాను. ప్రతి బొమ్మకూ ఎడమ అంచున వరసగా సన్నటి చిల్లులున్నాయి. దారంతో కుట్టిన చిల్లులు. అంటే అవి ఏదో పాత పుస్తకంలోంచి బ్లేడు పెట్టి కోసి తీసిన కాగితాలు.

మేనేజరును పిలిచి ఇవి ఎక్కడివని అడిగాను.

"డెకరేషన్ వాళ్లు తెచ్చి పెట్టినారు సార్. బాగుండాయి కదా?"

"ఇవి ఒక పుస్తకంలోవి. దాన్ని చంపి వీటిని తీసినారు" అన్నాను.

అతను నా ముఖం చూశాడు, నా టేబుల్ వైపు చూశాడు. "ఇడ్లీ బాగలేదా సార్?" అన్నాడు.

నా కోపం ఎవరికీ అర్థం కాదు. కాబట్టి ముందు అదేమిటో చెప్పాలి.

నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. అంచులు సరిగ్గా తెగాయా, గీత పడిందా అని రోజంతా కంపెనీ ఇచ్చిన చిన్న భూతద్దం కంటికి పెట్టుకుని చూడడమే నా ఉద్యోగం. ఇరవై ఏళ్ల కిందట బెంగళూరులో పేవ్‌మెంటు మీద ఒక పాత ఇంగ్లీషు కవితల పుస్తకం తిరగేస్తూ, అందులోని బొమ్మను అలవాటు కొద్దీ ఆ అద్దంలోంచి చూశాను. మామూలు కంటికి నీడలా ఉన్నది అద్దంలో వందల గీతలుగా విడిపోయింది. ఒక్క గీత కూడా పక్కదాని మీద ఎక్కలేదు. మా మిషన్లు చేసే పని ఇంత శుభ్రంగా ఉండదు.

ఆ బొమ్మ గీసినవాడు ఎవరో తెలుసుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది. పంతొమ్మిదో శతాబ్దం నడుమ లండన్లో కొందరు యువ చిత్రకారులు, కవులు జట్టుగా చేరి తమను ప్రీ-రాఫెలైట్లని పిలుచుకున్నారు. బడిలో నేర్పినట్టు అందరూ వేసే చెట్టే మేమూ వెయ్యం, చెట్టు దగ్గర కూర్చుని ఒక్కో ఆకునూ ఉన్నదున్నట్టు వేస్తాం అన్నది వాళ్ల పట్టుదల. వాళ్లలో కొందరు పుస్తకాలకూ బొమ్మలు గీశారు. బొమ్మను చెక్క దిమ్మ మీద గీసి, గీసిన గీతను మాత్రం వదిలి మిగతా చెక్కనంతా తొలిచి, దాని మీద సిరా పూసి అచ్చు వేసేవారు. అప్పటి నుంచి ఆ జట్టుకు సంబంధించిన పుస్తకాలు పోగుచేస్తున్నాను. ముప్పైకి పైగా ఉన్నాయి. మా ఫ్యాక్టరీలో దీన్ని పిచ్చి అంటారు. నేను కాదనను.

పుస్తకాన్ని కోసి బొమ్మలు అమ్ముకునేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. నూటయాభై ఏళ్లు చెదలూ వాననూ తప్పించుకుని వచ్చిన దాన్ని ఒక బ్లేడుతో అరగంటలో ముగించేస్తారు. కవిత చెత్తలోకి పోతుంది, దానికోసం వేసిన బొమ్మ చేతులు కడిగే తొట్టి మీదికి పోతుంది. ఈ కోపంతో పాత పుస్తకాలు పోగుచేసేవాళ్ల ఆన్‌లైన్ గుంపుల్లో నేను చాలా రాశాను, చాలామందితో తగాదా పడ్డాను. ఆ రాతల్లో ఎక్కడా చెప్పని సంగతి ఒకటుంది. ఇది దాని గురించి.

మా లైనులో పనిచేసే అతను ఒకడు కెలమంగలం మనిషి. ఒకరోజు క్యాంటీన్లో నా పక్కన కూర్చున్నాడు.

"అన్నా, మా అత్త ఇంట్లో దొరల కాలం నాటి పుస్తకం ఉంది. ఇంత లావు. నిండా బొమ్మలే. వచ్చి చూడు, నీకు పిచ్చి కదా."

తరువాతి ఆదివారం ఇద్దరం బస్సెక్కాం. అతని అత్తకు అరవై దాటి ఉంటాయి. ఇంటి వెనక రేకుల షెడ్డులో పట్టుపురుగులు పెంచుతుంది. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, దేవుడి గూటి కింద నుంచి పాత పంచెలో చుట్టిన మూట తీసి నా ఒళ్లో పెట్టింది.

నీలం బట్ట అట్ట, దాని మీద బంగారు పూలచుట్టు. ప్రతి బొమ్మకూ ముందు దాన్ని కాపాడే పలుచని కాగితం కూడా అలాగే ఉంది. ఆ జట్టులో ఇద్దరు గీసిన బొమ్మలు. నేను పదేళ్లుగా వెతుకుతున్న పుస్తకం. ఒక్క పేజీ పోలేదు.

ఆమె నా ఎదురుగా కింద కూర్చుని చెప్పింది.

"మా నాయన తళి దిక్కు ఒక బంగ్లాలో తోటపని చేస్తా ఉండె. ఆడ ముసిలి దొరసాని ఉండె. ఆయమ్మ ఊరు ఇడిచి పోయేటప్పుడు ఇది నాయన చేతికి ఇచ్చిందంట. నాయనకు చదువు రాదు. అయినా దినామూ తీసి చూస్తా ఉండె. 'ఈ బొమ్మ ఏసినోడు ఉత్తోడు కాదు, చెట్టుకాడ కూసోని ఒక్కొక్క ఆకూ చూసి ఏసినాడు, ఇది పెద్ద పుస్తకం' అంటా ఉండె. మా అన్న నవ్వుతా ఉండె. దొరసాని పారేసిన చెత్తను నాయన దేవుడి కింద పెట్టినాడని ఈ పొద్దుకీ ఎగతాళి చేస్తాడు. నువ్వు చదువుకున్నోడివి. నువ్వు చెప్పప్పా. మా నాయన చెప్పింది నిజమేనా?"

ఆమె అడిగింది అంతే. పుస్తకం ఎంతకు పోతుందని అడగలేదు.

ఆ చిత్రకారులు ఏ మాట కోసం తమ ఊరి పెద్దలందరితో పోట్లాడారో, ఆ మాటను అక్షరం రాని ఒక తోటమాలి తన కళ్లతోనే కనిపెట్టాడు. నేను భూతద్దం పెట్టుకుని, నెలల తరబడి చదివి తెలుసుకున్నది ఆయన తోటపని చేస్తూ తెలుసుకున్నాడు. ఆమెకు అది చెప్పడానికి ఒక్క నిమిషం చాలు.

కానీ నేను పాత పుస్తకాలు కొనేవాణ్ణి. మాలో ఒక పద్ధతి ఉంది. నచ్చిన పుస్తకాన్ని ఎప్పుడూ మెచ్చుకోకూడదు. దాన్ని పక్కన పెట్టి ఇంకేదో అడగాలి. అంతగా లేదని చెప్పి వెళ్లిపోవాలి. రెండు మూడు వారాలు పోతే ఇంటివాళ్ల మనసులో దాని విలువ తగ్గుతుంది, అప్పుడు వెళితే చేతిలో పెట్టి పంపుతారు. మా కృష్ణగిరి వాళ్లు మామిడికాయల్ని గడ్డిలో వేసి మాగబెట్టినట్టు ఇదీ మాగబెట్టడమే అని మాలో మేము నవ్వుకునేవాళ్లం. ఇరవై ఏళ్లలో నేను చాలా ఇళ్లలో చాలా పుస్తకాలు మాగబెట్టాను. దాన్ని తెలివి అనుకున్నాను.

"ఇది పిల్లల బొమ్మల పుస్తకమమ్మా" అన్నాను. "అప్పట్లో ఇట్లాంటివి లెక్కలేనన్ని అచ్చేసినారు. పెద్ద విషయమేమీ లేదు."

"అట్లనా" అంది. "మరి ఆ ఆకులు?"

"ఏదో గీసినారు లేమ్మా. ఆ గోడ గడియారం పనిచేస్తుందా?"

ఆమె గడియారం వైపు చూడలేదు. పుస్తకాన్ని మళ్లీ పంచెలో చుట్టింది. ఈసారి అంత జాగ్రత్తగా చుట్టలేదు. అది నా కంటపడింది. పని అవుతున్నదని సంతోషించాను కూడా.

రెండు వారాల్లో వెళ్లాలనుకున్నాను. ఫ్యాక్టరీలో ఆడిట్ వచ్చి మూడో వారం పడింది. ఈసారి ఒక్కణ్ణే పోయాను. ఇంట్లో ఎవరూ లేరు, వెనక షెడ్డులో అలికిడి వినబడింది. తలుపు తోసి లోపలికి చూశాను.

తట్టలు వరసగా పేర్చి ఉన్నాయి. గుడ్లలోంచి కొత్తగా వచ్చిన పురుగులు, వెంట్రుక ముక్కల్లాంటివి, సన్నగా తరిగిన మల్బరీ ఆకు మీద కదులుతున్నాయి. ఆకు కింద పరిచిన కాగితం మీద నల్లటి గీతలు. ఒక తట్టలో ఒక ఆడమనిషి చెయ్యి, ఇంకో తట్టలో ఒక గుర్రం మెడ. బొమ్మల్ని కాపాడే పలుచని కాగితాలు పురుగుల మీద కప్పి ఉన్నాయి.

చెప్పులు కూడా విప్పకుండా లోపలికి దూరాను. ఏమేమి అన్నానో అన్నీ గుర్తు లేవు. గుర్తున్నవి రాయడానికి సిగ్గుగా ఉంది. చదువు లేని మనుషుల చేతిలో ఏది పడ్డా ఇంతే అన్నాను. అది మాత్రం అన్నాను.

ఆమె ముందు నా కాళ్ల వైపు చూసింది. "బయట నీళ్లు పెట్టినాను, కాళ్లు కడుక్కోని రావల్ల. పురుగుకు రోగం తగిలితే పంట పోతాది" అంది. నన్ను బయటికి నడిపించి, తలుపు దగ్గరికి వేసి, అప్పుడు నా ముఖం చూసింది.

"నువ్వే కదప్పా చెప్పింది, ఏమీ లేదని? న్యూస్‌పేపరు తడికి పిగిలిపోతా ఉంది. ఇది గట్టి కాయితం. ఉత్తదాన్ని మూట కట్టి పెట్టుకోని ఏం చేసేది?"

ఆమె తలుపుకు గొళ్లెం పెట్టింది.

"మా అన్నకు కూడా చెప్పేసినాను. నువ్వన్నదే నిజం, నాయనకే తెలీలేదని. ఇన్నేండ్లు వాడితో కొట్లాడినాను దానికోసం. ఆ దినం వాడు ఎంత నవ్వినాడో."

నేను వెనక్కి తిరిగి బస్సెక్కేశాను. నిజం చెప్పడానికి అది రెండో అవకాశం. దాన్నీ వదులుకున్నాను.

ఆ వారమంతా నాకు అందరి మీదా కోపమే. ఆమె మీద కోపం, ఆ అన్న మీద కోపం, నన్ను తీసుకుపోయిన అతని మీద కోపం. క్యాంటీన్లో అతను, "ఏమన్నా, మా అత్త పురుగులు ఇంగ్లీష్ చదివి గూడు కడతాయంట" అని నవ్వితే, ప్లేటు వదిలేసి లేచిపోయాను. పుస్తకాలు కోసేవాళ్ల మీద ఇంకో రాత రాయడానికి కూర్చున్నాను. హైవే హోటలు గురించి రాశాను, డెకరేషన్ వాళ్ల గురించి రాశాను. విలువ తెలిసీ డబ్బు కోసం పుస్తకాన్ని నాశనం చేసేవాడు, విలువ తెలియక చేసేవాడికన్నా నీచుడు అని రాశాను. రాసి, చదువుకున్నాను. ఆ వాక్యంలో ఉన్నది నేనే.

బ్లేడు పట్టినవాడు పుస్తకాన్నే పాడుచేస్తాడు. నేను ఒక మనిషి మాటను, ఆయన చనిపోయాక, ఆయన కూతురి చేతనే అబద్ధం అనిపించాను. పైగా ఆమెనే తిట్టి వచ్చాను. నా బీరువాలోని ముప్పై పుస్తకాల్లో ఎన్ని ఇలా ఎవరెవరి నాయనల్ని తెలివితక్కువవాళ్లను చేసి తెచ్చినవో నాకు లెక్క తెలియదు. ఏ ఇంట్లోనూ నేను తిరిగి అడగలేదు. మేమందరం ఇదే చేస్తాం, దీనికి ముద్దుపేరు పెట్టుకుంటాం, హోటలు గోడ మీద బొమ్మ చూస్తే కళ్లెర్ర చేస్తాం.

మళ్లీ ఆదివారం కెలమంగలం పోయాను. షెడ్డు బయట నీళ్లలో కాళ్లు కడుక్కుని నిలబడ్డాను. ఆమె గడప దగ్గర కూర్చుని ఆకు తరుగుతోంది.

"ఆ దినం అబద్ధం చెప్పినానమ్మా" అన్నాను. "అది మంచి పుస్తకం. పదేండ్ల నుంచి దానికోసమే తిరుగుతా ఉండాను. తక్కువలో కొట్టేద్దామని అట్లా అన్నాను. మీ నాయన చెప్పింది ప్రతి మాటా నిజం. ఆ బొమ్మలేసినోళ్లు చెట్టుకాడ కూసోనే వేసినారు. అదే వాళ్ల గొప్ప."

కత్తి ఆగలేదు. ఆమె ఆ కట్ట తరగడం ముగించింది.

"నాకు కాదు. మా అన్నకు చెప్పు" అని లేచింది. లోపలికి పోయి చేతిలో ఒక కాగితంతో వచ్చింది. పుస్తకంలో మిగిలింది అదొక్కటే. నాయన ఎక్కువగా చూసే బొమ్మ అని దాన్ని చింపడానికి చేతులు రాలేదట.

ఆమె అన్న ఇల్లు రెండు వీధుల అవతల. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. చెల్లెలు నన్ను చూపించి, "నిజం చెప్తాడంట, విను" అంది.

నేను చెప్పాను. ఆయన పూర్తిగా విన్నాడు.

"ఆ దినం చెత్త అన్నావంట. ఈ దినం పెద్ద పుస్తకం అంటా ఉండావు. రేపు వచ్చి ఏమంటావు?" అన్నాడు. "ఈమె ఏడ్చిందని వచ్చినావా? లేకుంటే ఇంకేమన్నా పాత సామాను ఉందా, మా ఇంట్లో?"

ఆ మాటలు నాకు తగినవే. "నేను చెప్పేది నమ్మాల్సిన పని లేదన్నా. మీరే చూడండి" అని జేబులోంచి భూతద్దం తీసి, కంటికి ఎలా పెట్టుకోవాలో చూపించాను.

గోడకు ఆనుకుని నిలబడిన ఒక ఆడమనిషి, ఆమె వెనక గోడంతా పాకిన తీగ. చెల్లెలు కాగితాన్ని కదలకుండా పట్టుకుంది. ఆయన మొదట ముఖం చూశాడు, తరువాత తీగ మీదికి పోయాడు. చాలాసేపు అక్కడే ఉన్నాడు.

"ఈ ఆకును అంచుకాడ పురుగు తినింది" అన్నాడు చివరికి. "దాన్ని కూడా ఏసినాడు."

"యాడ?" అని చెల్లెలు వంగింది.

"ఈడ. మూడో ఆకు."

ఆమె అద్దం తీసుకుని చూసింది. ఆయన మంచం మీద కొంచెం జరిగి ఆమెకు చోటిచ్చాడు. ఆమె కూర్చుంది.

నేను వస్తానని లేచాను. ఆ కాగితం ఇస్తారా అని అడగలేదు. అడగనందుకు నన్ను నేను మెచ్చుకోబోయి, అక్కడే ఆపుకున్నాను. అద్దం కోసం చెయ్యి చాపాను.

ఆమె ఇవ్వలేదు. "ఇది ఈడ ఉండనీ" అంది. "ఇంకా చూడాల్సింది ఉంది."

మరునాడు స్టోర్స్‌లో అద్దం పోయిందని చెప్పబోయి, ఆగి, ఒకరికి ఇచ్చానని రాసిచ్చాను.