కింది ఇంటి దుప్పటి మీద పడ్డ ఏసీ నీళ్లు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక పాత అపార్ట్‌మెంట్‌లో కిరాయికి ఉండేవాళ్లం, అమ్మా నేనూ. నేను ఆబిడ్స్‌లో ఒక ట్రావెల్స్ ఆఫీసులో పనిచేసేదాన్ని. అమ్మ మెదక్ వైపు ఒక మిషన్ స్కూల్లో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పి, రిటైరయ్యాక నా దగ్గరికి వచ్చింది. ఆ చలికాలంలో ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయింది. కుట్లు మానాయి, డాక్టరమ్మ నడవమంది. అమ్మ మాత్రం మంచం దిగడానికి భయపడేది. "జర ఆగు బిడ్డా, నొప్పి లేస్తది" అనేది. చర్చికి కూడా రావడం మానేసింది. ఎండాకాలంలో ఆ మంచం మీద ఉక్కకు అవస్థ పడుతుంటే చూడలేక, సెకండ్‌హ్యాండ్ కిటికీ ఏసీ ఒకటి పెట్టించాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఏసీలోంచి నీళ్లు గది లోపలికి కారుతున్నాయి. అమ్మ పరుపు ఒక కొస తడిసిపోయింది. ఆమె కాళ్లు ముడుచుకుని చూస్తూ కూర్చుంది.

"బంద్ చేయకపోయావా అమ్మా?"

"స్విచ్ గాడుంది, నేను గీడున్న."

ఏసీ అమ్మిన దుకాణానికి ఫోన్ చేశాను. "గీ ఎండల్ల ఎవ్వరు ఖాళీ లేరమ్మా, రేపు చూద్దాం" అన్నారు.

ప్లగ్ తీసేసి, కుర్చీ ఎక్కి ముందు జాలీ విప్పాను. ఫిల్టర్ కనిపించకుండా దుమ్ము పేరుకుంది. దాని వెనక సన్నటి రేకుల మీద తెల్లగా మంచు గడ్డకట్టి ఉంది. వంటింట్లోంచి కత్తి తెచ్చి గీకబోయాను.

"ఏయ్! కత్తి పెట్టకు. గా రేకులు వంగుతయి, పైపు పలుగుతది!"

వెనక్కి తిరిగేసరికి అమ్మ గోడ పట్టుకుని నా పక్కన నిలబడి ఉంది. నా చేతిలోంచి కత్తి తీసుకుంది. "మిషన్ మీద కోపం చూపొద్దు. మంచు దానంతటదే కరుగుతది. గా జల్లెడ ఇటియ్యి."

నల్లా కింద కూర్చుని పాత టూత్‌బ్రష్‌తో ఫిల్టర్ కడిగింది. ఆమెను కూర్చోమనాలో లేవమనాలో తెలియక నేను నేల తుడుస్తూ ఉండిపోయాను. మంచు కరిగింది గానీ, ఆ నీళ్లు బయటికి పోకుండా మళ్లీ లోపలికే వస్తున్నాయి. బాల్కనీలోకి వెళ్లి చూస్తే, ఏసీ వెనక నీళ్లు పోయే గొట్టం పాచితో మూసుకుపోయింది. నా వెనకే వచ్చిన అమ్మ బట్టల హ్యాంగర్ తీగను సాగదీసి గొట్టంలోకి దూర్చింది. రెండు మూడుసార్లు ఆడించేసరికి నల్లటి నీళ్లు ఒక్కసారిగా దూకాయి.

కింద నుంచి అరుపు. "ఎవరు పైన? కండ్లు కనిపిస్తలేవా? ఇప్పుడే ఆరేసిన దుప్పటి!"

"నేను పోయి మాట్లాడతా" అన్నాను.

"వద్దు, తీగ పెట్టింది నేను" అని అమ్మ చెంగు దోపుకుని తలుపు తీసింది. మెట్ల కమ్మీ పట్టుకుని, ఆగి ఆగి దిగిపోయింది.

నేను ఆరిన ఫిల్టర్ బిగించి స్విచ్ వేశాను. చల్లగాలి వచ్చింది, నీళ్లు ఆగాయి. అమ్మ మాత్రం రాలేదు. గొడవ పెద్దదైందేమోనని కంగారుగా కిందికి వెళ్లాను. వాళ్ల బాల్కనీలో మళ్లీ ఉతికిన దుప్పటిని అమ్మ ఒక కొసా, ఆ ఇంటావిడ ఇంకో కొసా పట్టుకుని తీగ మీద వేస్తున్నారు. స్టూలు మీద చాయ్ కప్పులు ఖాళీగా ఉన్నాయి.

"ఇన్ని నెలలైంది, పైన ఇంకో మనిషి ఉన్నదని నాకెర్కనే లేదు" అంది ఆవిడ నాతో. "మీ అమ్మ జాకెట్ల కటింగ్ నేర్పుతదట. ఔనా అక్కా?"

అమ్మ ఔనన్నట్టు తలూపింది. ఆమె ముఖం ఎండకు ఎర్రబడింది.

ఆ ఎండాకాలం ఏసీ ఇంకోసారి మొరాయించింది. అప్పుడు అమ్మ ఇంట్లో లేదు. ఆమె, కింది ఇంటావిడ ఇద్దరూ మామిడిపళ్లకని మొజంజాహీ మార్కెట్‌కు వెళ్లారు. నేనొక్కదాన్నే ప్లగ్ తీసి, కుర్చీ వేసుకుని, జాలీ విప్పాను.