దారం లోపలికి వాలిన రోజు

మా పెద్దమ్మ పోయిన నెల తమిళనాట తుడియలూరులో కన్నుమూశారు. పదహారో రోజున ఇంటికి వచ్చినవారు ఆమె ఓర్పును, చేతి వంటను, ఎవరింట కష్టమొచ్చినా ముందు నడిచే గుణాన్ని తలుచుకున్నారు. అన్నీ నిజమే. కాని ముప్పై ఏళ్ళకు పైగా ఆమె పంపు మోటార్లకు రాగి తీగ చుట్టిన నిపుణురాలన్న మాట ఒక్కరి నోటా రాలేదు. పక్కన కూర్చుని ఆ పని చూసినవాళ్ళం కొద్దిమందిమే మిగిలాం. అందుకే ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాస్తున్నాను.

పనికి కూర్చునే ముందు ఆమె గాజులు తీసి టిఫిన్ క్యారియర్ మూతలో పెట్టేవారు. బడిలో చదివింది తమిళమే అయినా చుట్లు మాత్రం తెలుగులో లెక్కపెట్టేవారు. మధ్యలో ఎవరు పలకరించినా ఒక వేలు పైకెత్తేవారు. లెక్క ఆగేది కాదు. ఒక్క చుట్టు దగ్గర అనుమానం వచ్చినా కాయిల్ మొత్తం విప్పేవారు.

"ఒక చుట్టు తక్కువైతే ఎవరికి తెలుస్తాది పెద్దమ్మా?" అని చిన్నప్పుడు అడిగాను.

"మోటారుకి తెలుస్తాది, అమ్మణీ."

కాలిన మోటారు వస్తే వెంటనే విప్పనిచ్చేవారు కాదు. ఏ బావి, నీళ్ళెంత లోతు, పైపు ఎక్కడ వంగింది అని మొదట ఆరా తీసేవారు. "కాలేది ఒక తావు, తప్పు ఇంకో తావు" అన్నది ఆమె మాట. అందులోని లోతు నాకు ఒక కంప్యూటర్ దగ్గర తెలిసివచ్చింది.

విడిభాగాలు తెచ్చి కంప్యూటర్లు కూర్చడం నా వృత్తి. మొదటి పెద్ద పని ఆమె పనిచేసే వర్క్‌షాపు నుంచే వచ్చింది. పంపులో నీరు ఎలా తిరుగుతుందో లెక్కకట్టి తెరమీద చూపే యంత్రం అక్కడి మొదలాళికి కావాలి. యజమానిని మా వైపు అలాగే పిలుస్తాం. పేరున్న కంపెనీది కొందామని ఆయన అంటే, "మా పిల్ల కూరుస్తాది. పూచీ నాది" అని పెద్దమ్మ మాట ఇచ్చారు.

ఆ లెక్కలకు తగిన బలమైన గ్రాఫిక్స్ కార్డే వేశాను. రెండు పక్కల గాజు, మూడో పక్కన జాలీ ఉన్న పెట్టె తీసుకున్నాను. ఫ్యాన్ల రంగు దీపాలు గాజులోంచి కనబడాలని అన్నిటి ముఖాలూ లోపలికి తిప్పి బిగించాను. గాజు పలక తీసి ఇంట్లో రోజంతా నడిపితే వేడి హద్దు దాటలేదు. వర్క్‌షాపులో పలక మూసి లెక్క మొదలుపెట్టిన పావుగంటకే కార్డు తొంభై డిగ్రీలకు చేరువైంది. తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంది. ఫ్యాన్లు హోరెత్తాయి.

"ఏమక్కా, మీ పిల్ల కంప్యూటర్ కట్టిందా, మిక్సీ కట్టిందా?" అని అవతల తీగ చుడుతున్న పెద్దమ్మను చూసి మొదలాళి నవ్వారు. తరువాత నవ్వు ఆపి, "సాయంత్రం దాకా చూస్తా. లేదంటే కంపెనీదానికి చెప్పేస్తా" అన్నారు.

పోయేది నా పనీ, ఆమె మాటా రెండూ. కొత్త కార్డులో వేడిని దాటించే పేస్టు సరిగా పూయలేదేమోనని, వారంటీ పోయినా సరేనని, స్క్రూడ్రైవర్ తీశాను. అప్పుడే పెద్దమ్మ చేతిలోని కాయిల్ పక్కన పెట్టి వచ్చారు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగారు.

"ఏమిటికి విప్పేది? చూడకుండానే విప్పుతావా?"

గాజుకు వేళ్ళ వెనకవైపు ఆనించారు. మోటారునూ అలాగే తాకేవారు, షాక్ కొట్టినా చెయ్యి దానిమీద బిగుసుకోదని. పలక తీసి నడపమన్నారు. వేడి దిగింది. మూయమన్నారు. ఎక్కింది.

"కార్డు బాగుండాది. దానికి ఊపిరే ఆడలేదు."

కాయిల్ కట్టే నూలు ఉండలోంచి జానెడు దారం తుంచి నా చేతికిచ్చారు. "ఒక్కో ఫ్యాన్ దగ్గర పెట్టు." వెనక పెడితే దారం బయటికి ఎగిరింది. పైన పెట్టినా బయటికే. జాలీ దగ్గరా బయటికే.

"యాడైనా లోపలికి పోతా ఉండాదా?"

"లేదు పెద్దమ్మా."

ఆమె మొదలాళి వైపు తిరిగారు. "నాయనా, పంపుకి మూడు డెలివరీ పైపులు పెట్టి సక్షన్ పైపు మరిచిపోతే ఏమవుతాది?"

"ఏమవుతాది, కాలిపోతాది!"

జవాబు ఆయనదే అయినా ఆమె చూపు నా మీదే ఉంది. ఫ్యాన్ గాలిని వీపు వైపుకి తోస్తుంది. ముఖాలన్నీ లోపలికి తిప్పి నేను అన్నిటిచేతా గాలిని డెలివరీ పైపులా బయటికే తోయించాను, సక్షన్ పైపులా లోపలికి పీల్చేది ఒక్కటీ పెట్టలేదు. "తప్పు నాది. కార్డుది కాదు" అని మొదలాళితో నేనే చెప్పాను. జాలీ దగ్గరి ఫ్యాన్లు విప్పి తిరగేసి బిగించాను. వాటి దీపాలు గోడవైపుకి పోయాయి.

"అయ్యో, లైటు పోయిందే!" అన్నారు మొదలాళి.

"లైటు చూసేదానికి దీపావళి వస్తాది కదా" అన్నారు పెద్దమ్మ.

దారం మళ్ళీ జాలీ దగ్గర పెట్టాను. లోపలికి వాలింది. పలక మూసే ఉంది. వేడి డెబ్బై దాటి కాస్త పైన నిలిచి, సాయంత్రం దాకా అక్కడే ఉంది. "ఇంకొకటి కట్టమనక్కా" అన్నారు మొదలాళి. పెద్దమ్మ ఆ దారాన్ని జాలీకి ముడివేసి, గాజులు తొడుక్కుని బస్సుకు నడిచారు. ఈనాటికీ నేను కూర్చిన ప్రతి యంత్రమూ పలక మూసి, అది ఉండబోయే చోటనే, దారం పట్టి చూశాకే అప్పగిస్తాను. నా పనికి గురువెవరని అడిగినవారికి తీగ చుట్టిన మా పెద్దమ్మ అని చెబుతాను.

పోయిన వారం ఆ వర్క్‌షాపుకి వెళ్ళాను. దారం దుమ్ముపట్టి నల్లబడింది. ఇంకా లోపలికే వాలి ఉంది. ఆ రోజు పెట్టె చుట్టూ తిరిగినప్పుడే ఆమెకు తప్పు కనబడి, మొదలాళి ముందు దాన్ని నా నోటనే చెప్పించారో, లేక దారం ఎగిరినప్పుడు నాతోపాటే చూశారో నేను ఏనాడూ అడగలేదు. ఇక తెలుసుకునే వీలు లేదు.