లెక్కలడిగే అల్లుడుగారు

తొంభైల్లో మా ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో మా పాప చదివే బడికి లెక్కలు నేర్పే కంప్యూటర్ వచ్చింది. లెక్కల టీచరమ్మ దాన్ని కొత్తల్లుడిలా చూసేది. గదిలో ఉన్న ఒక్క ఫ్యానూ దానివైపే తిప్పి, "సెప్పులు బయటిప్పండర్రా, అల్లుడుగారు అలుగుతారు" అనేది.

ఓరోజు నేను క్యారేజీ పట్టుకెళ్లేసరికి, ఎక్కాలంటే వణికిపోయే మా పాప దాని ముందు నిలబడి ఉంది. ఏడెనిమిదులెంతని అది అడిగితే తప్పు నొక్కింది. అది బొంయ్‌మని అరిచింది. పాప ఏడుపు లంకించుకుంది.

టీచరమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఏటల్లుడుగారూ, అందరి ముందూ పిల్లని కసురుతారేటి? ఈయేళ మీకు కరెంటు లేదు, పొండి!" అంటూ ప్లగ్గు పీకేసింది.

పాప ఏడుపు మాని పకపకా నవ్వింది. "యాభయ్యారు టీచరమ్మా! పాపం, కరెంటు ఇచ్చీయండి" అంది.

అన్నానికి రావే అంటే, అల్లుడుగారు లేచి ఇంకో లెక్క అడిగేదాకా రానంది.