ఇంటర్వెల్లో పలికిన పేరు

మా పాపకు పెట్టింది మా అత్తగారి పేరు. పాప నా కడుపులో ఉండగా ఆవిడ పోయారు. తమిళనాట రాజపాళయంలో మా తెలుగువాళ్ళ ఇళ్ళలో కోడలు అత్తగారి పేరు నోటితో అనదు. కాలేజీ చదువు చదివినా నాకూ ఆ పేరు నాలుక మీదికి రాలేదు. అందుకే పుట్టినప్పటి నుంచీ సొంత కూతుర్ని "పాపా" అనే పిలిచాను.

"ఏం వదినా, పేరెత్తితే మా అమ్మ లేచి వస్తాదా?" అని ఆడపడుచు ఎగతాళి చేసేది. "వస్తే మంచిదే. మా అన్నకు సాంబారన్నా సరిగా దొరుకుతాది."

ఆ ఆదివారం మ్యాట్నీకి వెళ్ళాం. వేర్వేరు లోకాల నుంచి ఒకే హీరో ముగ్గురుగా వచ్చి కలిసే సినిమా, తమిళ డబ్బింగు. మా ఆయన పక్క ఊరు సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే చోట సూపర్‌వైజరు. ఆ తెల్లగుడ్డ ముక్కనే హీరో వీపున ఎగిరే గుడ్డలా పాప మెడకు కట్టాను. హాల్లో చూస్తే సగం మంది పిల్లల వీపున అదే గుడ్డ. వాళ్ళ నాన్నలదీ అదే పని మరి. పైగా గేటు దగ్గర పిల్లలందరికీ అట్ట మాస్కులు పంచారు.

తెర మీద ముగ్గురూ ఎదురెదురుగా నిలబడ్డారు.

"నాయనా, ముగ్గురికీ ఒకే పేరు కదా. పిలిస్తే ఎవురు పలుకుతారు?" అంది పాప.

"ఎవురు దగ్గరుంటే వాళ్ళు, కన్నూ," అన్నారు మా ఆయన, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

ఇంటర్వెల్లో ఆయన పాప్‌కార్న్ కొనడానికి వెళ్ళారు. జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. పాప చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది.

"పాపా!"

ఎన్నో మాస్కులు నా వైపు తిరిగాయి. కన్నాల్లోంచి చూస్తున్న ఏ కళ్ళూ నన్ను గుర్తుపట్టలేదు. మెట్లు దిగితే రోడ్డే. షేర్ ఆటోల హారన్లు వినిపిస్తున్నాయి. మళ్ళీ "పాపా" అన్నాను. మళ్ళీ అవే మాస్కులు. అప్పుడు ఆ పేరు పెట్టి అరిచాను.

వెనకాల చిన్న దగ్గు. "ఆఁ, వస్తా ఉండాను. ఎందుకట్ల అరుస్తావు?"

అచ్చం పొయ్యి దగ్గర్నుంచి అత్తగారు నాకు బదులిచ్చినట్టే, ముందు దగ్గు, తర్వాత మాట. వెనక్కి తిరగలేకపోయాను. చల్లని చిన్న చెయ్యి నా వేళ్ళలో దూరింది. మాస్కు ఎత్తి చూశాను. పాపే.

"నువ్వేనా పలికింది?"

"లేదు. నేను పలికేలోపలే అవ్వ పలికింది. నన్ను ఇక్కడికి తోడుకొని వచ్చింది." పాప వేలు చూపించిన చోట గోడ, దాని మీద ముగ్గురు హీరోల పోస్టరు. అంతే.

"ఎవురో ముసలామె అయింటాది," అన్నారు పాప్‌కార్న్‌తో తిరిగొచ్చిన మా ఆయన. "ఊళ్ళో ఆ పేరు ఎంతమందికి లేదు?"

నిజమే కావచ్చు.

అప్పట్నుంచి పాప, "పాపా" అంటే పలకదు. "పేరు పెట్టి పిలువు. నీకు వస్తుంది కదా," అంటుంది. పిలుస్తున్నాను, ఎదురుగా కనబడుతున్నప్పుడు మాత్రమే.

నిన్న సాయంత్రం మరిచిపోయి వంటింట్లోంచి పిలిచాను. "ఆఁ, అమ్మా," అంది పాప హాల్లోంచి. ఇంకెవరైనా పలుకుతారేమోనని విన్నాను. ఎవరూ పలకలేదు. అయినా పొయ్యి వైపు చూడకుండా, గరిటె అక్కడే వదిలేసి, పాప మొహం చూడడానికి హాల్లోకి పరిగెత్తాను.