శనివారం ల్యాబు ఎందుకు పెట్టలేదంటే

ఇన్నేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. పోలీసులు పట్టుకునేంత నేరమేం కాదు. అయినా బరువు తగ్గదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

ఎల్బీనగర్ దాటాక ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్పేవాణ్ణి. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. మాది కోస్తా. స్టాఫ్ రూంలో బందుల మీద విసుక్కోవడంలో నేనే ముందుండేవాణ్ణి. పిల్లల చేతుల్లోకి కొత్తరకం ఫోన్లు వచ్చేశాయి. మేం మాత్రం ల్యాబులో నీలం తెర మీద అవే పాత ప్రోగ్రాములు చేయించి, సీనియర్ల రికార్డులు చూసి ఎక్కించిన రికార్డుల మీద సంతకాలు పెట్టేవాళ్లం. ఇప్పుడు తల్చుకుంటే చిరాకేస్తుంది. అప్పుడెందుకు వేయలేదు?

మూడో సంవత్సరంలో స్వప్న అనే అమ్మాయి ఉండేది. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి నాగోల్‌లో కిరాయికుంటున్న కుటుంబం. ఫోన్లలో నడిచే యాప్‌లు తయారుచేయడం నేర్పమంటూ, క్లాసందరి చేతా సంతకాలు పెట్టించిన కాగితం తెచ్చి నాకిచ్చింది. తీసుకెళ్లి చూపిస్తే ప్రిన్సిపాల్ వెంటనే ఒప్పుకున్నారు. శనివారం మధ్యాహ్నం ల్యాబు ఖాళీయే, మీరు చెప్తానంటే మొదలుపెట్టండి అన్నారు.

నేను చెప్తానంటే. అక్కడే వచ్చింది తంటా. నాకు అందులో ఒక్క ముక్క రాదు. ఏళ్ల తరబడి ఒకే నోట్సు అప్పజెప్పుతున్నవాణ్ణి, పిల్లల ముందు తెల్లమొహం వేయాలా? నేర్చుకోవచ్చుగా అంటారు. నన్ను నేనూ అదే అడుగుతున్నాను. బందుల పుణ్యమా అని ఇంట్లో కూర్చున్న రోజులే బోలెడు. టీవీ ముందు బందుల్ని తిట్టుకుంటూ వాటిని గడిపేశాను.

కాగితం సొరుగులో పడేశాను. బందుల వల్ల ఉన్న సిలబస్సే అవట్లేదని ప్రిన్సిపాల్ వద్దన్నారని క్లాసులో చెప్పాను. అందరూ నమ్మేశారు. మరుసటేడు ఇంటర్వ్యూలకొచ్చిన కంపెనీ వాళ్లు అడిగింది సరిగ్గా అదే. స్వప్న నోరు విప్పలేకపోయిందట.

తర్వాత ఆ సబ్జెక్టు సిలబస్‌లోకే వచ్చి నా నెత్తిన పడింది. ఇక తప్పక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో చేరాను. మొదటిరోజు లోపలికెళ్లేసరికి మూడో బెంచీలో స్వప్న. పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఈడ కూసోండ్రి సార్. జాబ్ రాలే గద, గందుకే నేర్చుకుంటున్న."

"మన కాలేజీలోనే చెప్పుంటే బాగుండేదమ్మా," అన్నాను. చూడండి నా తెలివి.

"బందులుండె గద సార్. నేను గూడ రోడ్డు మీద కూసున్న. తెలంగాణ కోసం గా ఒక్క సబ్జెక్టు పోతే పోయింది తియ్యుండ్రి."

నా తప్పుకు తనూ బాధ్యురాలనుకుంది. దాన్నీ ఇష్టంగానే భరించింది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. పాఠం అందక నేను వెనకబడుతుంటే తన నోట్‌బుక్ నావైపు జరిపింది. అందులోంచి చూసి ఎక్కించుకున్నాను.

ఇది రాసినందుకు నన్నెవరూ క్షమించక్కర్లేదు. ఆమె కంట ఇది పడకపోవచ్చు కూడా. కానీ ఆ రోజు క్లాసులో అనాల్సిన మాట ఎక్కడో ఒకచోట అనేయాలి.

బందుల వల్ల కాదమ్మా. నాకు రాదు.